మధ్యాహ్నం ఒకటిన్నరకు వచ్చే కబురు

ఆ పదకొండు నెలల్లో మా ఇంట్లో పోయినవి ఇవి.

ఒక మనిషి, నా భార్య. ఆమె బరువులో పంతొమ్మిది కిలోలు అంతకు ముందే పోయాయి. వాటిని విడిగా రాస్తే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కవేసినట్టవుతుంది కనుక రాయడం లేదు. ఆమె నేసిన చేతిమగ్గం ఒకటి, చెద పట్టి. కోళ్ళు నాలుగు, రెండింటిని కుక్క పట్టింది, మిగతా రెండు ఎటు పోయాయో తెలియదు. వాకిట్లో గోరింట చెట్టు ఒకటి, నీళ్ళు పోసేవాళ్ళు లేక. ఆసుపత్రి వరండాలో విడిచిన చెప్పులు ఒక జత. నేను లెక్క తప్పి పోసిన పడుగు ఒకటి. ముప్పై ఏళ్ళ పనిలో అలాంటిది అదొక్కటే.

కూతుర్ని ఈ జాబితాలో వేయలేదు. ఆమె ఉంది. వేలూరులో, సత్తువాచారి దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది.

పడుగు పోయడం నా పని. మా ఊరు గుడియాత్తంలో నేసే లుంగీలకు గళ్ళు ఉంటాయి. ఏ రంగు పోగులు ఎన్ని, ఎన్ని పోగుల తర్వాత మళ్ళీ అదే రంగు రావాలి అని ముందే లెక్కగట్టి, మగ్గం మీదికి ఎక్కే నిలువు దారాలను వరస తప్పకుండా చుట్టి ఇవ్వాలి. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను, అదీ తమిళంలో. లెక్కలు పోగుల దగ్గర నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు వేలూరు బస్టాండులో చిత్తూరు, పలమనేరు బస్సుల బోర్డులు చూసి పట్టుకున్నాను. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే అయినా మా ఇంట్లో మరెవరికీ ఆ అక్షరాలు రావు. దీన్ని చదవడం కూతురికి రాదు.

ఆమె వేలూరులో కాలేజీ చదువుతూ సాయంత్రాలు జపాను భాష నేర్చుకుంది. ఆ కాలేజీకీ, జపానులో ఒక చిన్న ఊరి కాలేజీకీ ఒప్పందం ఉంది. ఏటా ఒకరు అక్కడికి వెళ్ళి పదకొండు నెలలు చదివి రావాలి. ఆ ఏడు మా పిల్ల వంతు వచ్చింది. మార్చి నెలలో వెళ్ళింది. చుట్టూ వరిమళ్ళు, వెనక కొండ. ఆ మళ్ళ మధ్య ఒక ఇంట్లో డెబ్బై తొమ్మిదేళ్ళ రైతు ముసలమ్మ ఒక్కతే ఉండేది. మా పిల్ల ఉన్నది ఆమె దగ్గరే. మొదటి వారం నుంచే ఆమెను అవ్వ అనడం మొదలుపెట్టింది.

వెళ్ళేముందు వాళ్ళమ్మ ఒక షరతు పెట్టింది. "దినామూ ఒక్కటి చెప్పాల. నీకు నవ్వొచ్చింది, బాగుండింది, ఏదో ఒక్కటి. చదువు సంగతి మీ అప్పకు చెప్పుకో, నాకొద్దు." అప్ప అంటే మా వైపు నాన్న.

నా భార్యకు ఏ భాషలోనూ చదవడం రాదు కాబట్టి పిల్ల గొంతు రికార్డు చేసి నా ఫోనుకు పంపేది. వాళ్ళ ఊళ్ళో సాయంత్రం ఐదు కాగానే వీధి స్తంభాలకు కట్టిన మైకుల్లో ఒక పాట వేస్తారట, ఆడుకునే పిల్లలు ఇళ్ళకు పోవడానికి. ఆ పాట అయిపోగానే పంపేది. వాళ్ళకు ఐదంటే మనకు ఒకటిన్నర. మగ్గాలు ఆగి అందరూ అన్నాలకు లేచే వేళ. మేమిద్దరం కంచాల ముందు కూర్చుని వినేవాళ్ళం.

"అమ్మా, ఈడ మడి గట్టు మీద ఒక చెక్క బీరువా ఉండాది. దాంట్లో వంకాయలు, దోసకాయలు పెట్టిపోతారు. అమ్మే మనిషే లేడు. పక్కన డబ్బా. మనమే తీసుకొని మనమే డబ్బాలో వేయాల."

నేను రికార్డు నొక్కితే నా భార్య ఫోను దగ్గరికి వంగి జవాబు చెప్పేది. "గుడియాత్తంలో పెట్టమను చూస్తాం. వంకాయలూ ఉండవు, డబ్బా ఉండదు, బీరువా తలుపులు కూడా ఉండవు."

"అమ్మా, స్నానానికి ఇంట్లో అందరికీ ఒకటే వేణ్ణీళ్ళ తొట్టి. బయటే ఒళ్ళు రుద్దుకొని శుద్ధంగా దిగాల. అవ్వ దినామూ నన్నే ముందు దిగమంటాది. ఆ పెద్దామె నా తర్వాత దిగుతాదిమా, నాకే ఎట్లనో ఉండాది."

"కాళ్ళు కడుక్కొని దిగినావా? తల ఆరినంకనే పండుకో."

వానకాలంలో ఒకరోజు మాటలే లేవు. మళ్ళలో కప్పల అరుపు నలభై సెకన్లు పంపింది. చివర "ఇంతే మా ఈరోజు" అంది. నా భార్య దాన్ని నాలుగుసార్లు పెట్టించుకుని వింది.

ఆ కప్పల వారంలోనే ఆమె కడుపునొప్పికి వేలూరు ఆసుపత్రికి పోయాం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆరు నెలలు అనుకోండి, అటూ ఇటూ కావచ్చు అన్నాడు. ఆరు నెలలంటే నూట ఎనభై రోజులు. బస్సులో కే.వి.కుప్పం దాటేలోపల నేను డిసెంబరు మొదటి వారానికి చేరుకున్నాను. 'అటూ ఇటూ' అన్న మాటను లెక్కలో వేయలేదు. దానికి అంకె లేదు కదా, ఎక్కడ వేయాలి?

పిల్లకు అప్పుడే చెప్పవద్దని ఇద్దరం అనుకున్నాం. పరీక్షలు రాయకుండా సగంలో వచ్చేస్తే అక్కడి చదువు లెక్కకు రాదు. దీపావళి తర్వాత చెప్పి, నవంబరులో రప్పించుకుంటే వాళ్ళమ్మతో కనీసం మూడు వారాలు ఉంటుందని నేను తేల్చాను.

సెప్టెంబరు మూడో వారంలో ఆమెను ఆసుపత్రిలోనే ఉంచేశారు. నేను పొద్దున బస్సుకు వెళ్ళి, ఒకటిన్నర కబురు వినిపించి, సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ణి. ఒక మంగళవారం వచ్చిన కబురు రైలు గురించి.

"అమ్మా, ఇక్కడి రైలుకు ఒకటే పెట్టె. డ్రైవరు తెల్ల గ్లవుసులు వేసుకొని, ప్రతి సిగ్నలుకూ వేలు చూపించి, తనకు తానే గట్టిగా ఏదో చెప్పుకుంటాడు. మొదట పిచ్చివాడనుకున్నా. తప్పు జరగకుండా అట్ల చేస్తారంట."

నా భార్య పుట్టింది అరక్కోణంలో, రైలు పట్టాల పక్కన. ఆమెకు నవ్వు వచ్చింది, దానితో పాటే దగ్గు కూడా. "ఒకటే పెట్టెకు రైలంటారా! మా ఊళ్ళో అయితే దాన్ని పారేసిన పెట్టె అంటారు."

దగ్గు తగ్గాక నన్ను చూసింది.

"ఏమయ్యా, పిల్లను రమ్మను. చూడాలనిపిస్తా ఉండాది."

"వచ్చే నెల పరీక్షలుండాయి దానికి. అయిన మర్నాడే పిలుస్తా."

"అంతదాకా ఉంటానా?"

"ఇంకా డెబ్బై దినాల పైన ఉండాది. నేను చూసుకున్నా కదా."

ఆమె పక్క మంచం మీది ఆవిడ వైపు తిరిగింది. "మా ఆయన పోగులు లెక్కపెట్టేవాడమ్మా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేలకు వేలు. ఒక్క పోగు తప్పదు." అలా అని కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఆ మాట అడగలేదు.

ఆ తర్వాత పదమూడో రోజు, సోమవారం పొద్దున తొమ్మిదింటికి పోయింది.

పన్నెండుకల్లా ఇంటికి తెచ్చాం. పిల్ల ఉన్న ఊరి నుంచి బస్సు, రైలు, రెండు విమానాలు, మళ్ళీ చెన్నై నుంచి ఇక్కడికి. ఆ క్షణంలో టికెట్టు దొరికినా రెండు రోజులు. ఇంట్లో అంతసేపు ఉంచలేం. సాయంత్రమే తీసుకుపోవాలని పెద్దవాళ్ళు నిర్ణయించారు. జనం వాకిట్లో ఉండగా ఒకటిన్నరకు నా జేబులో ఫోను మోగింది. నేను మగ్గం వెనక్కి పోయి చెవికి ఆనించుకున్నాను.

"అమ్మా, ఈరోజు కొత్త బియ్యం. అవ్వ మళ్ళో పండింది. మొదటి గిన్నె నాకే పెట్టింది. కూర లేదు, పులుసు లేదు, వట్టి అన్నమే రెండు గిన్నెలు తిన్నా."

నేను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపాను. 'అమ్మకు గొంతు పట్టింది. రెండు గిన్నెలేనా అని అడుగుతా ఉండాది.'

ఆ మాట నేను వెతుక్కోలేదు. ఆమె ఉంటే అదే అనేది.

మూడో రోజు పొద్దున నా భార్య అన్న, అరక్కోణంలో కిరాణా అంగడి పెట్టుకున్న మనిషి, నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. పూజలూ పద్ధతులూ తెలిసినవాడు. మా మైల దినాలు ఎన్నో చెప్పేది ఆయనే.

"చెవిన పడేదాకా పిల్లకు తీట్టు లేదు, మైల లేదు బావా. వినిన దినం నుంచే లెక్క. పది దినాలు దాటినంక తెలిస్తే మూడు దినాలు పట్టి తలకు పోసుకుంటే చాలు. శాస్త్రమే అట్ల చెప్పింది. నువ్వు ఇప్పుడు చెప్పినావనుకో, ఆడ ఎవరుండారు దానికి? భాష తెలీని ముసలమ్మ. ఏడ్చి ఏడ్చి ఏమైనా చేసుకుంటే?"

"వాళ్ళమ్మ కదా బావా."

"చచ్చినామె తిరిగొస్తాదా? ఫిబ్రవరిలో ఎట్లాగూ వస్తాది. వచ్చినంక ఒళ్ళో పెట్టుకొని నేనే చెప్తా. నువ్వు లెక్కలోడివి గదా, వేసి చూడు. ఇప్పుడు చెప్తే చదువూ పాయె, చూపూ లేదు. తర్వాత చెప్తే చదువన్నా మిగులుతాది."

వేసి చూశాను. ఆయన చెప్పిందే సరిగా వచ్చింది. తొందరలో ఉన్న నేతగాడు ఒక పోగు తెగితే మగ్గం ఆపడు. దాన్ని పక్కకు వేలాడదీసి నేసుకుంటూ పోయి, తీరికైనప్పుడు ముడి వేస్తాడు. నేనూ అలాగే ముడి వేయవచ్చనుకున్నాను. ఆ పోగు లేకుండా నేసిన మేరా గుడ్డలో గీత పడుతుంది. దాన్ని ఎవరూ పూడ్చలేరు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు గుడియాత్తంలో ఎక్కువమంది ఉండరు.

కబుర్లు రోజూ వచ్చాయి. కాలేజీకి పోయే దారిలో యంత్రంలో నాణెం వేస్తే వేడి టీ డబ్బా పడుతుందట. తాగడం కంటే దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నడవడమే బాగుంటుందట. కోసిన మళ్ళలో గడ్డి కట్టలు నిలబెట్టారట, దూరం నుంచి బడికి పోయే పిల్లల వరసలా ఉన్నాయట. అవ్వ ఆమె కోసం కూరలో మిరపపొడి వేసిందట, "మనం విబూది పెట్టుకున్నంత." నేను పడుగు దగ్గర ఒంటరిగా కూర్చుని వినేవాణ్ణి. నవ్వు వచ్చేది. పోయినామెకు వచ్చినవి నేను తింటున్నట్టు ఉండేది, అయినా ఒకటిన్నర కోసం చూసేవాణ్ణి.

తొమ్మిదో రోజు వాళ్ళ ఊళ్ళో గుడి పండుగ. ఇక్కడ మా మైల ఇంకా తీరలేదు. పిల్లకు నీలం చొక్కా తొడిగి, ఊరివాళ్ళతో పాటు దేవుడి బండి తాడు పట్టించారు. ఆ కబురు ఒక నిమిషం యాభై సెకన్లు. అన్నింటికంటే పొడుగైనది అదే. డప్పులు, కేకలు, మధ్యలో ఆయాసపడుతూ ఆమె గొంతు. "అమ్మా, నేను కూడా లాగినా! నన్ను పరాయిదాన్ని అనలేదు ఎవరూ. అవ్వ చెయ్యి కూడా తాడు మీదే ఉండె, నా చెయ్యి పక్కన."

ఆ తర్వాత ఆమె అడగడం ఎక్కువైంది. అమ్మ గొంతు ఇంకా బాగు కాలేదా, ఒక్క మాట చెప్పించు, ఊఁ అనినా చాలు. నా ఫోనులో నా భార్య అంతకు ముందు పంపిన జవాబులు ఎనభై మూడు ఉన్నాయి. పన్నెండో రోజు అందులోంచి ఒకటి తీసి మళ్ళీ పంపాను. ఎండ, వాన, పండుగ ప్రస్తావన లేనిదాన్ని, ఎప్పుడైనా అతికేదాన్ని ఏరాను. "తింటివా? ఒళ్ళు జాగ్రత్త. నేను బాగుండాను." పదకొండు సెకన్లు. ఆరు రోజుల తర్వాత ఇంకొకటి. మళ్ళీ ఒక వారానికి మూడోది.

ఈ మధ్యలో ఆమె కబుర్లు చిన్నవవుతూ వచ్చాయి. నిమిషం, ముప్పై ఐదు సెకన్లు, ఇరవై. చివరి వారంలో పది దాటలేదు. "అవ్వ వగరు పండ్లు తోలుతీసి చూరు కింద దారానికి వేలాడదీసింది. నూట అరవై." అంతే, ఆగిపోయింది. నేను ఆ అంకెలను కాగితం మీద వేసుకుని చూశాను. పరీక్షల పని ఎక్కువైందనుకున్నాను.

మూడోది పంపిన మర్నాడు ఒకటిన్నరకు కబురు రాలేదు. ఆమే ఫోను చేసింది.

"అప్పా, నిన్న పంపింది ఆడి నెలలోది, జూలైది. దాని ముందుది నేను వచ్చిన కొత్తలోది. అన్నీ నా దగ్గర ఉండాయి. నాకు నోటికి వచ్చు."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"అమ్మ ఉండాదా?"

"లేదమ్మా."

అటువైపు పిల్లలను ఇళ్ళకు పంపే ఆ పాట వస్తోంది. అది అయ్యేదాకా ఆగింది.

"ఎన్ని దినాలు?"

"ఇరవై ఆరు."

ఆమెకు వెనక్కి లెక్కించడానికి ఒక్క శ్వాస కూడా పట్టలేదు. "కొత్త బియ్యం దినమా?"

"అవును."

"రెండు గిన్నెలేనా అని అడిగింది ఎవరప్పా?"

"నేనే."

ఫోను పెట్టేసింది.

వెంటనే రమ్మని ఆ రాత్రి నుంచి ఎన్నిసార్లు రాసినా ఒకటే జవాబు. 'ఇప్పుడు వచ్చి ఏం చూడాల?' ఒకటిన్నర కబుర్లు ఆగిపోయాయి. వారానికొకసారి 'బాగుండాను' అని వచ్చేది.

అక్కడ జరిగింది ఆమె వచ్చాక తెలిసింది. అవ్వ ఇంట్లో గోడకు ఎత్తుగా ఒక దేవుడి అర ఉంది. ఇంట్లో చావు జరిగితే దాని ముందు తెల్ల కాగితం అంటించి, యాభై రోజులు అటువైపు చూడరట, దండం పెట్టరట. ఆ ఇంటివాళ్ళు గుడికి పోకూడదు, పండుగలో చెయ్యి పెట్టకూడదు. మా పిల్ల ఏడుస్తూ చెప్పగానే అవ్వ లేచి కాగితం కత్తిరించి అంటించింది. తాను ఏనాడూ చూడని నా భార్య కోసం. చావు నుంచి లెక్కపెడితే ఇరవై నాలుగు రోజులే మిగిలాయి. అవ్వ అలా పెట్టలేదు. పిల్ల వినిన దినం నుంచి యాభై పూర్తిగా ఉంచింది. మర్నాడు పొద్దున్నే, చావు ఉన్న మనిషి చేత దేవుడి తాడు పట్టించామని గుడి పెద్దల ఇళ్ళకు ఒక్కొక్కరి దగ్గరికి పోయి నడుం వంచి తప్పు చెప్పుకుంది.

"ఏడు ఇండ్లు," అంది కూతురు. "నేను వెనక నిలబడినా. ఆ నడుం సరిగా వంగదప్పా ఆమెకు. నువ్వు ఆడిన అబద్ధానికి ఏడు వాకిండ్లలో వంచింది."

ఫిబ్రవరిలో వచ్చిన రోజు ఆమె మేనమామ కూడా ఇంట్లో ఉన్నాడు. ముందే అనుకున్నట్టు ఒళ్ళో పెట్టుకోబోయాడు. "మూడు దినాలు పట్టి తలకు పోసుకో నాయనా, సరిపోతాది," అన్నాడు. ఆమె ఆయన చేతిని మెల్లగా తీసేసి, "నేను యాభై పట్టినా మామా. మీ శాస్త్రంలో మిగిలితే మీరే పెట్టుకోండి," అంది.

మొదటిదానికే తనకు తెలిసిపోయిందని అప్పుడు చెప్పింది. పన్నెండో రోజు నేను పంపిన ఆ పదకొండు సెకన్లకే. మరి రెండు వారాలు ఎందుకు అడగలేదమ్మా అన్నాను.

"అడిగితే అయిపోతాదని."

నా దగ్గర ఇంకొక సంగతి మిగిలి ఉంది. ఆమెకు తెలియదు, నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. రెండు నెలలు మోశాను. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పగలు, ఆమె వాళ్ళమ్మ చీరలు మడతపెడుతుండగా చెప్పేశాను. మీ అమ్మ నిన్ను రమ్మని అడిగింది, చూడాలనిపిస్తోందంది, డెబ్బై దినాల పైన ఉందని నేను ఆపాను అని.

ఆమె చేతిలోని చీర కింద పెట్టలేదు. "ఏ దినం అడిగింది?"

"మంగళవారం. నువ్వు ఒకటే పెట్టె రైలు గురించి చెప్పిన దినం."

"పోయింది?"

"దానికి పదమూడో దినం."

"నేను రావడానికి రెండు దినాలు. పదకొండు దినాలు అమ్మ దగ్గర ఉండిండేదాన్ని." చీర అంచు సరిచేసి ఇంకో మడత వేసింది. "దానికి నువ్వు దాచిన ఇరవై ఆరు కలుపు."

నేను కలపలేదు.

"నువ్వే చెప్పాల. లెక్కలు నీవి కదా."

"ముప్పై ఏడు."

"తప్పుందా?"

లోపల ఇంకోసారి వేసి చూశాను. ప్రయాణానికి ఇంకొక రోజు పట్టేదేమో, టికెట్టు దొరికేది కాదేమో అని ఎటైనా తగ్గించవచ్చా అని వెతికాను. ఏమీ దొరకలేదు. "తప్పు లేదు," అన్నాను.

"అయితే నాకు ఎప్పుడిస్తావప్పా?"

ఆ మాట కోపంగా అనలేదు. బదులు తీసుకున్న మనిషిని వాయిదా అడిగినట్టు అడిగి, మడతపెట్టిన చీరలు తీసుకుని లోపలికి పోయింది.

మూడేళ్ళయింది. నెలకు రెండుసార్లు వస్తుంది. వండి పెడుతుంది, నా మాత్రలు సరిగా వేసుకున్నానా అని పట్టీ చూస్తుంది. నేను అడిగినదానికి జవాబు ఇస్తుంది. తాను చూసినవి, నవ్వినవి నాకు చెప్పదు. ఒకసారి అడిగాను, ఇవాళ బస్సులో ఏమైనా బాగుండిందా అని. "జనం ఎక్కువుండారు," అంది.

పదకొండు, ఇరవై ఆరు. ముప్పై ఏడు రోజులు. ఈరోజుకూ బాకీ అంతే ఉంది.